కళ్ళు మూసుకుని దాటిన రోడ్డు

సముద్రానికి హద్దు పెట్టినవాడికి, ఎడారిలో దారి చూపినవాడికి, కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న సాయంత్రాల్లో ఆరు వరసల రోడ్డు మీద పదిహేడు మంది తెలుగువాళ్ళను ఒంటి మీద గీత పడకుండా అవతలికి చేర్చినవాడికి ముందుగా స్తోత్రం. ఆయన నాకు చేసిన మేలుల్లో చాలావాటిని సంఘంలో నిలబడి సాక్ష్యంగా చెప్పాను. ఈ ఒక్కటి మాత్రం ఇంతవరకు చెప్పలేదు. చెప్పబోయిన ప్రతిసారీ నవ్వు వచ్చేది. నవ్వితే సాక్ష్యం పాడవుతుందని మళ్ళీ కూర్చునేదాన్ని. కాగితం మీద రాస్తే ఆ ఇబ్బంది లేదు. నేను నవ్వుకున్నా ఎవరికీ వినపడదు.

పోయిన నెలలో సయీద్ దగ్గర్నుంచి ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. సయీద్ అంటే ఉమ్ అల్ క్వైన్‌లో నేను ఇంటిపని చేసిన కుటుంబంలో పెద్దకొడుకు. వాళ్ళ నాయనమ్మ నిద్రలోనే పోయిందని, పోయే ముందు వారం కూడా నా పేరు అడిగిందని చెప్పాడు. చివర్లో, "మరియం, రోడ్డు జాగ్రత్త" అని నవ్వబోయి ఏడ్చాడు. ఆ రోజు నాకు ఏ పనీ తోచలేదు. మంచం కింద ఉన్న నా గల్ఫ్ సూట్‌కేసు లాగి తెరిచాను. అట్టడుగున, నాలుగు మడతల్లో, పసుపుపచ్చ సేఫ్టీ జాకెట్టు ఒకటి దొరికింది. వీపు మీద ఇంగ్లీషులో 'విజిటర్' అని పెద్ద అక్షరాలు. మడత విప్పగానే ఊదు పొగ వాసన వచ్చింది. ఇన్నేళ్ళకు కూడా పోలేదు. ఆ వాసనతో పాటు ఆ ముసలావిడ వచ్చి నా పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

జ్ఞాపకాలు రాసేవాళ్ళు చిన్నతనం గురించి రాస్తారు. నాకు చిన్నతనం రెండుసార్లు వచ్చింది. రెండోది నలభై నాలుగో ఏట, దుబాయ్‌లో. మేమున్నది ఉమ్ అల్ క్వైన్ అయినా మా కోనసీమలో ఎవరడిగినా దుబాయ్ అనే చెప్పాలి, లేకపోతే వాళ్ళకు అర్థం కాదు. ఇద్దరు పిల్లల తల్లిని, సంఘంలో స్త్రీల కూడికకు వాక్యం చెప్పిన దాన్ని, విమానం దిగేసరికి ఏమీ తెలియని పసిపిల్లనయ్యాను. పొయ్యి వెలిగించడం దగ్గర్నుంచి ఎవరో ఒకరు నేర్పాలి. మాట రాదు. నీళ్ళకు 'మాయ్' అంటారని, చాలు అనడానికి 'ఖలాస్' అంటారని, ఇంటి యజమానురాలిని 'మామా' అనాలని, ఆవిడ అత్తగారిని 'మామా కబీరా' అనాలని ఒక్కొక్కటే నేర్చుకున్నాను. మరియమ్మ అనే నా పేరు కూడా మొదటిరోజే మరియం అయిపోయింది.

ఆ ఇంట్లో పొద్దు మామా కబీరా చేతికర్ర చప్పుడుతో మొదలయ్యేది. తెల్లవారుజామున వాళ్ళ నమాజు, వంటగది పక్క గదిలో నా ప్రార్థన, రెండూ ఒకే వేళకు. నేను లేచానో లేదో చూడడానికి ఆవిడ నా తలుపు మీద కర్రతో రెండుసార్లు తట్టేది. యేలకులు వేసిన గహ్వా అనే అరబ్బు కాఫీ కాచి, ఖర్జూరాలు పళ్ళెంలో పెట్టి ఇవ్వడం నా మొదటి పని. ఆవిడ బుల్లి గిన్నె లాంటి కప్పును అటూ ఇటూ ఊపితే చాలని అర్థం. ఊపకపోతే పోస్తూనే ఉండాలి. అది తెలియక మొదటి వారం ఆవిడ ఊపుతున్నా పోశాను. తర్వాత ఇస్త్రీ. మగవాళ్ళ తెల్లటి పొడుగు చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి, ఊదు పొగ మీద వేలాడదీయాలి. మధ్యాహ్నానికి వంటిల్లంతా అన్నంలో మగ్గే ఎండు నిమ్మకాయల వాసన. మామా కబీరా ముఖం మీద పాతకాలం ఆడవాళ్ళు పెట్టుకునే బంగారు రంగు ముసుగు ఉండేది. కరోనా నాళ్ళు ఇంకా పూర్తిగా పోలేదు గనుక, దాని మీద నీలం రంగు మాస్కు కూడా తగిలించేది. రెండు మాస్కుల వెనక నుంచి వచ్చే ఆ గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేది. ముఖ్యంగా టీవీలో ఫుట్‌బాల్ వచ్చినప్పుడు. ఆవిడకు ఆ ఆటంటే ప్రాణం. మనవడు సయీద్ కాలేజీ జట్టులో గోల్‌కీపరు. వాడి జట్టు ఆడినా ఎవరు ఆడినా ఆవిడ రిఫరీని తిట్టకుండా ఒక్క సాయంత్రం గడవదు.

నాకు రోడ్డు దాటడం నేర్పింది కూడా ఆవిడే. మనకు బళ్ళు ముందు కుడివైపు నుంచి వస్తాయి, అక్కడ ముందు ఎడమవైపు నుంచి వస్తాయి. నలభై నాలుగేళ్ళ అలవాటు. నేను రోడ్డు అంచున నిలబడి ఎంతో శ్రద్ధగా కుడివైపు చూసి, ఏమీ లేదని దేవునికి వందనాలు చెప్పి, ఎడమవైపు నుంచి వచ్చే లారీ ముందు కాలు పెట్టేదాన్ని. మొదటిసారి అలా చేసినప్పుడు ఆవిడ నా పైట కొంగు పట్టి వెనక్కి లాగి, గోరింటాకు వేళ్ళతో నా గడ్డం పట్టుకుని, తల ఎడమవైపుకు తిప్పింది. ఆ తర్వాత గేటు దాటే ప్రతిసారీ అదే. గడ్డం పట్టడం, ఎడమవైపుకు తిప్పడం. మా అమ్మ కూడా నన్ను అంత భద్రంగా చూసుకోలేదు.

ఆ భద్రతకు ఒక కారణం ఉంది. నాకంటే ముందు ఆ ఇంట్లో కుసుమ అని శ్రీలంక ఆవిడ పనిచేసేది. కాలేజీ మైదానం ముందు రోడ్డు మీద, ఒక మ్యాచ్ రోజున, వెనక అద్దం మొత్తం జెండాతో కప్పేసిన కారు ఒకటి చూసుకోకుండా వెనక్కి వచ్చి ఆమెను పడేసింది. కాలు రెండు చోట్ల విరిగింది. మామా కబీరా ఆ పక్కనే ఉంది, కుసుమ కింద పడి ఉండడం తన కళ్ళతో చూసింది. కుసుమ ఊతకర్రలతో విమానం ఎక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పనిమనుషులకు ఒక కట్టడి. మ్యాచ్ రోజున మైదానం రోడ్డు మీద అడుగు పెట్టకూడదు. పెడితే సెలవు ఖలాస్.

ఇక్కడే నా కష్టం. మా తెలుగు సంఘానికి ఆరాధన కోసం ఇచ్చిన హాలు సరిగ్గా ఆ మైదానానికి ఎదురుగా ఉంది. బస్సు మమ్మల్ని కాలేజీ గేటు దగ్గర దింపుతుంది, హాలు అవతలి వైపు. అంతకుముందు అక్కడ వారపు సెలవు శుక్రవారం. మా సంఘం వాళ్ళు ఆదివారం సెలవు కావాలని ఏళ్ళ తరబడి ప్రార్థన చేశారట. చివరికి ప్రభుత్వం శని, ఆదివారాలు సెలవు చేసింది. సంఘమంతా కేక్ కోసుకుని స్తోత్రగీతాలు పాడుకున్నారు. మూడో వారంలో తెలిసింది, కాలేజీ వాళ్ళు కూడా మ్యాచ్‌లను ఆదివారానికి మార్చుకున్నారని. మేం అడిగింది ఆదివారం. దేవుడు ఇచ్చాడు. ఫుట్‌బాల్ వాళ్ళకు ఇవ్వొద్దని మేం అడగలేదు.

దాంతో రెండు వారాలకొకసారి నాకు ఆరాధన పోయేది. చదివేవాళ్ళకు ఇది చిన్న సంగతి అనిపించవచ్చు. వారమంతా నోట తెలుగు మాట లేకుండా, పరాయి ఇంట్లో పరాయి గిన్నెలు తోముకుంటూ ఆ మూడు గంటల కోసం బతికినవాళ్ళకు చిన్నది కాదు. మ్యాచ్ ఉన్న ఆదివారం ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఒక్కదాన్నే పాట మొదలుపెట్టి, పల్లవి తర్వాత అందుకునే గొంతు లేక ఏడ్చేదాన్ని. ఆ సంగతి ఒక వారం ఆరాధన తర్వాత మా సంఘ పెద్ద యేసురత్నం గారికి చెప్పుకున్నాను.

యేసురత్నం గారిది తాళ్ళరేవు దగ్గర ఊరు. ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఫ్యాక్టరీలో పరంజాలు కట్టే చోట సేఫ్టీ మనిషి. పొద్దున్నే కూలీలందరినీ నిలబెట్టి, పేర్లు పిలిచి, ఈ రోజు ఎవరు ఎక్కడ ఎలా చచ్చిపోయే అవకాశం ఉందో వివరంగా చెప్పి పనికి పంపడం ఆయన ఉద్యోగం. ఆరాధనలో కూడా అదే పద్ధతి. ప్రభువు బల్ల ఇచ్చే ముందు ద్రాక్షరసం ఒలికితే ఏం చేయాలో చెప్పేవారు. నా మాట విని ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, "మరియమ్మగారూ, ఇది ప్రార్థనతో పాటు కాగితం కూడా కావాల్సిన పనండి" అన్నారు.

వారం తిరిగేసరికి నా చేతికి మూడు పేజీల ఇంగ్లీషు కాగితం వచ్చింది. పెద్ద పెద్ద దూలాలు పైకెత్తే ముందు, పని ఏ వరసలో చేస్తారో, ఏది జారితే ఎవరు పట్టుకుంటారో ముదీర్‌కు, అంటే మేనేజరుకు, రాసి ఇస్తారట. అచ్చం అలాగే, పదిహేడు మందిని రోడ్డు దాటించడం గురించి రాశారు. అందరికీ సేఫ్టీ జాకెట్లు. అందరి చేతిలో ఒకే తాడు. ముందు సంఘ పెద్ద, తర్వాత ఆడవాళ్ళు, వెనక మగవాళ్ళు. దాటేముందు పేర్లు పిలవడం, తర్వాత ప్రార్థన, ఆమేన్ అన్నాకే కదలడం. రెండో పేజీలో బొమ్మ కూడా వేశారు. పదిహేడు పుల్లమనుషులు, ఒక గీత. అందులో నాలుగో పుల్ల నేనట.

ఆ కాగితాన్ని మామాకు ఇచ్చాను. ఆవిడ బడిలో పనిచేస్తుంది గనుక కాగితాలంటే గౌరవం. గహ్వా వేళ అత్తగారికి అరబ్బీలో చదివి వినిపించింది. మామా కబీరా ఆ బొమ్మను తలకిందులుగా, నిలువుగా తిప్పి తిప్పి చూసి, నాలుగు మ్యాచ్‌ల దాకా చూస్తానంది. ఆ నాలుగింటిలో ఏదో ఒకనాడు, ఏనాడో చెప్పకుండా, తనే కారులో వచ్చి చూస్తుందట. బాగుంటే ఎప్పటికీ సెలవే. బాగాలేకపోతే మ్యాచ్ ఆదివారం మాట ఇంకెప్పుడూ ఎత్తకూడదు.

మొదటి మ్యాచ్ రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కాలేజీ గేటు ముందు కార్లు, కార్లలోంచి జెండాలు, జెండాలతో పాటు నడుము దాకా కిటికీలోంచి బయటకు వచ్చి ఊగే కుర్రకారు, హారన్లు, డప్పులు. ఆ గోలలో మేము పదిహేడు మందిమి ఫ్యాక్టరీలో పాతబడ్డ పసుపు జాకెట్లు తొడుక్కుని, తాడు పట్టుకుని నిలబడ్డాం. అన్నిటి వీపుల మీదా 'విజిటర్' అనే ఉంది. మనమంతా ఈ లోకానికి విజిటర్లమే గదా అని యేసురత్నం గారు దాని మీదే అయిదు నిమిషాలు వాక్యం చెప్పారు. తాడు చివర మల్లేశం. జగిత్యాల వైపు మనిషి, యేసురత్నం గారి గదిలోనే ఉంటాడు. విశ్వాసి కాదు, మెడలో రాజన్న దేవుడి బిళ్ళ ఉంటుంది. ఆదివారం గదిలో ఒక్కడూ ఉండలేక మాతో వచ్చి, హాలు బయట కూర్చుని, ఆరాధన అయ్యాక మాతో కలిసి పులిహోర తిని వెళ్ళేవాడు. "నాకు మీ పాటలు రావక్కా, తాడు తోక పట్టుకుంట తియ్" అని వెనక నిలబడ్డాడు.

యేసురత్నం గారు పేర్లు పిలిచారు. తర్వాత ప్రార్థన. మా సంఘంలో ప్రార్థన అంటే కళ్ళు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు ముందుకు చాపి స్తుతించడం. ఒక చేతిలో తాడు ఉంది గనుక తాడుతో సహా ఎత్తాం. ఆమేన్ అనే వేళకు నా చేతిలో తాడు చిన్నగా, రెండుసార్లు, లాగినట్టయింది. అందరికీ అలాగే అయిందట. కళ్ళు తెరిస్తే ఆరు వరసల్లోనూ కార్లు ఆగి ఉన్నాయి. కిటికీల్లో ఊగే కుర్రాళ్ళు కూడా ఊగడం మానేసి చూస్తున్నారు. నడిచి దాటిపోయాం. అవతలి గట్టు ఎక్కాక ఆడవాళ్ళం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చాం. ఎర్ర సముద్రం దాటినవాళ్ళు తంబుర ఎందుకు వాయించారో ఆ రోజు తెలిసింది.

రెండో మ్యాచ్, మూడో మ్యాచ్ కూడా అంతే. ప్రార్థన, చేతులు, తాడు లాగడం, ఆగిన కార్లు. ఆ లాగడం పైనుంచి వచ్చే అనుమతి అని సంఘంలో స్థిరపడిపోయింది. అది వచ్చేదాకా ప్రార్థన ఆపకూడదని యేసురత్నం గారు కాగితంలో నాలుగో పేజీ చేర్చారు. పసుపు జాకెట్లు చూసి మమ్మల్ని కాలేజీ వాళ్ళు పెట్టిన మనుషులనుకుని, కారు ఎక్కడ పెట్టాలని అడగడం మాత్రం మొదలైంది. నన్ను అడిగిన ఒకాయనకు నాకు వచ్చిన రెండు మాటలతో "సీదా, ఖలాస్" అని చెప్పాను. ఆయన తిన్నగా వెళ్ళి, రోడ్డు అవతల మా హాలు ఆవరణలో కారు పెట్టి, పులిహోర తిని, బాగుందని చెప్పి, మ్యాచ్‌కు వెళ్ళాడు. మాకు అదొక హెచ్చరిక అనిపించలేదు. పరిచర్య అనిపించింది.

నాలుగో మ్యాచ్ వచ్చింది. మూడింటికీ రాలేదు గనుక ఈ రోజు మామా కబీరా తప్పకుండా వస్తుందని అందరికీ తెలుసు. సయీద్ ఆ రోజు జట్టుతో పాటు బస్సులో వస్తున్నాడు. మేం రోడ్డు అంచున వరస కట్టేసరికి, అవతల కొంచెం దూరంలో మా ఇంటి తెల్ల కారు ఆగి ఉంది. అద్దం దించి ఉంది. కర్ర పిడి కనపడుతోంది. నా ఆదివారాలన్నీ ఆ కిటికీలో ఉన్నాయి. యేసురత్నం గారు పేర్లు పిలిచారు. అందరూ పలికారు, ఒక్క మల్లేశం తప్ప. ఫ్యాక్టరీలో ఏదో మిషను పాడైతే పొద్దున్నే డ్యూటీకి పిలిచారట. అతను విశ్వాసి కాదు గదా, ప్రార్థనకు లోటేముందనుకున్నాం. తోక మా బేబమ్మ ఒదిన పట్టుకుంది.

కళ్ళు మూశాం, చేతులెత్తాం. యేసురత్నం గారు మామా కబీరా వింటుందని కాబోలు, గొంతు పెంచి, ఆదాము దగ్గర్నుంచి మొదలుపెట్టారు. ప్రార్థన ముగింపుకు వచ్చింది. తాడు కదల్లేదు. అనుమతి లేకుండా ఆమేన్ అనకూడదు గనుక ఆయన మళ్ళీ అందుకుని, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళందరి కోసం, తర్వాత వాళ్ళ కుటుంబాల కోసం, తర్వాత ప్రపంచంలోని పరంజాలన్నిటి కోసం ప్రార్థించారు. తాడు కదల్లేదు. నా భుజాలు పడిపోతున్నాయి. చుట్టూ హారన్లు ఒకదాని మీద ఒకటి పెరిగాయి. తర్వాత పెద్ద బండేదో బుస్సుమని ఆగిన చప్పుడు. తర్వాత ఆ బండి కదిలిన చప్పుడు, దాని వెనక చాలా బళ్ళు కదిలిన చప్పుడు. క్రమంగా అంతా నిశ్శబ్దం అయిపోయింది. అంత నిశ్శబ్దం మ్యాచ్ రోజున ఆ రోడ్డు మీద ఎప్పుడూ వినలేదు. తాడు కదలకపోయినా యేసురత్నం గారు ఆ నిశ్శబ్దాన్నే అనుమతిగా తీసుకుని ఆమేన్ అన్నారు.

కళ్ళు తెరిస్తే రోడ్డు మీద ఒక్క బండి లేదు. ఎడమా లేదు, కుడీ లేదు. "చూశారా, పూర్తిగా ఎండిపోయింది" అని బేబమ్మ ఒదిన మోకాళ్ళ మీద పడబోయింది. అందరం స్తోత్రాలు చెబుతూ దర్జాగా దాటాం. దాటాక మా హాలు గేటు కనపడింది. గేటు నిండా కార్లు. ఆవరణ నిండా కార్లు. చెప్పులు విడిచే చోట కార్లు. వాటన్నిటి మధ్యలో, ముందుకూ వెనక్కూ కదల్లేని స్థితిలో, కాలేజీ జట్టు బస్సు.

జరిగింది ఇది. మేము నిలబడ్డది కాలేజీ గేటుకు అడ్డంగా. పదహారు మంది పసుపు జాకెట్ల వాళ్ళు అరచేతులు చూపిస్తూ అంతసేపు కదలకుండా నిలబడేసరికి, గేటు మూసేశారని, మా ముఖాలు తిరిగి ఉన్న వైపు వెళ్ళమంటున్నారని బస్సు డ్రైవరు అనుకున్నాడు. మధ్య గట్టు సందులోంచి తిప్పి మా ఆవరణలోకి పోనిచ్చాడు. జట్టు బస్సు వెళ్ళిన చోటే మ్యాచ్ అని మిగతా వాళ్ళంతా వెనకే వచ్చారు. హాల్లో కుర్చీలు వేస్తున్న తమ్ముళ్ళు, వచ్చింది కొత్త ఆత్మలేమోనని అందరికీ పాటల పుస్తకాలు పంచుతున్నారు. నిక్కర్లలో ఉన్న పదకొండు మంది ఆటగాళ్ళు వాటిని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. గోల్‌కీపరు చేతితొడుగులతో సయీద్ నా ముందుకు వచ్చి, "మరియం, మైదానం ఎక్కడ?" అన్నాడు. నేను రోడ్డు అవతలికి చూపించాను. ఆట మొదలవడానికి పది నిమిషాలుంది. వెనకొచ్చిన కార్లు కదిలితే తప్ప బస్సు కదలదు.

అప్పుడు వినపడింది కర్ర చప్పుడు. కారు దిగి, రెండు మాస్కులతో, మామా కబీరా గేట్లోంచి నడిచి వస్తోంది. ఆవిడ బస్సును చూసింది, మనవణ్ణి చూసింది, వాడి చేతిలో మా పాటల పుస్తకాన్ని చూసింది. యేసురత్నం గారు కాగితం తీసి ఏదో చెప్పబోయారు. ఆవిడ ఆయన చేతిలోంచి కాగితం కాకుండా తాడు తీసుకుంది. ఒక కొస తన మణికట్టుకు చుట్టుకుని, రెండో కొస సయీద్ మీదికి విసిరింది. "యల్లా", పదండి, అంది. పదకొండు మంది ఆటగాళ్ళు, వాళ్ళ కోచ్, వెనక మేము, అందరం ఆ తాడు పట్టుకున్నాం. వేరే దారి నుంచి అప్పటికే కొత్త కార్లు వచ్చేస్తున్నాయి. ఆవిడ మమ్మల్ని గేటు ఎదురుగా దాటించలేదు. రోడ్డు అంచు వెంబడే కుడివైపుకు నడిపించి, ఒక మూడు వందల అడుగులు వెళ్ళాక ఆపింది. అక్కడ సిగ్నల్ ఉంది. రోడ్డు మీద తెల్ల చారలున్నాయి. నొక్కడానికి బొత్తాం ఉంది. ప్రతి ఆదివారం బస్సులోంచి మేమంతా చూస్తూ వచ్చిన సిగ్నలే అది. నాలుగు పేజీల కాగితంలో ఒక్క ముక్క కూడా దాని గురించి లేదు. ఆవిడ కర్రతో బొత్తాం నొక్కి, ఆకుపచ్చ మనిషి బొమ్మ వెలిగాక, ఎడమ చూసి, కుడి చూసి, కర్ర పైకెత్తి నడిచింది. ముప్పై మందిమి ఆవిడ వెనక దాటాం. మ్యాచ్ పావుగంట ఆలస్యంగా మొదలైంది. సయీద్ ఆపలేక నాలుగు గోల్స్ ఇచ్చాడు.

ఆ సాయంత్రం మల్లేశానికి యేసురత్నం గారు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి, ఈసారి అనుమతి ఎందుకు రాలేదో అర్థం కావడం లేదన్నారట. దానికి మల్లేశం, "అన్నా, మీరంతా కండ్లు మూసుకుంటరు గదనే. మరి బండ్లెవరు జూడాలె? బండ్లన్ని ఆగినంక నేనే తాడు గుంజేది" అన్నాడట. మూడు మ్యాచ్‌ల పాటు పదహారు మంది విశ్వాసుల ప్రాణాలు, రాజన్న బిళ్ళ వేసుకున్న ఒక్క మనిషి తెరిచిన కళ్ళ మీద నడిచాయి. యేసురత్నం గారు ఆ ఫోను పెట్టేసి చాలాసేపు మోకాళ్ళ మీద ఉన్నారని తర్వాత చెప్పారు. దేవుడు తనను కాపాడడానికి ఎవరిని వాడుకుంటాడో ఆయన రిస్కు లెక్కల్లో ఎప్పుడూ రాసుకోలేదు.

నేను మాత్రం నా సెలవు అయిపోయిందనే అనుకున్నాను. మర్నాడు పొద్దున గహ్వా పట్టుకుని వెళ్ళి పోశాను. మామా కబీరా కప్పు ఊపేదాకా ఆగాను. ఊపింది. కర్ర పక్కన పెట్టి, నన్ను దగ్గరకు రమ్మని, గడ్డం పట్టుకుంది. అలవాటు ప్రకారం తల ఎడమవైపుకు తిప్పుతుందని నేనే తిప్పబోయాను. తిప్పనివ్వలేదు. తన ముఖానికి ఎదురుగా పట్టుకుని, సగం ఉర్దూ సగం అరబ్బీలో అంది:

"కుసుమ పడిపోయినప్పుడు నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నాను మరియం. పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆ కారు నేను చూడలేదు. అల్లా మనం కళ్ళు తెరిచి అడిగినా వింటాడు. కారువాడు మనం కళ్ళు మూసుకుని అడిగినా వినడు. ఆదివారం వెళ్ళు. అన్ని ఆదివారాలూ వెళ్ళు. కళ్ళు తెరిచి ప్రార్థన చెయ్యి."

ఆ తర్వాత, సయీద్ కూడా గోలు ముందు కళ్ళు మూసుకున్నాడని, వాడికీ ఇదే చెప్పానని అంది.

ఆ ఆదివారం నుంచి మా సంఘం సిగ్నల్ దగ్గర దాటింది. తాడు మాత్రం వదల్లేదు. మల్లేశాన్ని తోక నుంచి తెచ్చి ముందు నిలబెట్టారు. మేము కళ్ళు తెరిచి, ఆకుపచ్చ బొమ్మ వెలిగేదాకా ప్రార్థన చేసేవాళ్ళం. మొదట్లో తప్పు చేస్తున్నట్టు ఉండేది. కళ్ళు తెరిచి ప్రార్థిస్తే కార్లలోని ముఖాలు కనపడతాయి. వాళ్ళ కోసం కూడా ప్రార్థన వస్తుంది. అంతకుముందు మేము మా కోసమే అడిగేవాళ్ళం. నేను తిరిగి వచ్చేసే వారం మామా కబీరా నా జాకెట్టు తీసుకుని, మగవాళ్ళ చొక్కాలతో పాటు ఊదు పొగ మీద వేలాడదీసి, తనే నాలుగు మడతలు పెట్టి సూట్‌కేసు అడుగున పెట్టింది.

ఇప్పుడు మా ఊరికీ మా చర్చికీ మధ్య పెద్ద రోడ్డు వచ్చింది. నాలుగు వరసలు, మధ్యలో గట్టు, అంతా దుబాయ్ లాగే ఉంది. సిగ్నల్ ఒక్కటే లేదు. ఒకప్పుడు మా ఊళ్ళో రోడ్డు దాటడమనేదే లేదు. రోడ్డు మీదే నడిచేవాళ్ళం, బళ్ళే మమ్మల్ని దాటుకుని పోయేవి. ఇప్పుడు నేను అంచున నిలబడి, అక్కడి అలవాటు కొద్దీ ముందు ఎడమ చూస్తాను. కుడివైపు నుంచి లారీ వచ్చి నా చీర అంచు ఊపి పోతుంది. వెనక్కి లాగడానికి గోరింటాకు చెయ్యి లేదు. అందుకే పోయిన ఆదివారం ఆ జాకెట్టు తొడుక్కుని వెళ్ళాను. పిల్లలు నవ్వారు. మా పాస్టరు గారు వీపు మీద అక్షరాలు చదివి, ఎక్కడి విజిటరమ్మా అన్నారు. చెప్తే పెద్ద కథ అన్నాను.

చదివినవారూ, ఇప్పుడు నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థన చేయండి. తన ఇంట్లో పనిచేసే పరాయి మనిషి గడ్డం పట్టుకుని దారి చూపిన ఆ ముసలితల్లి ఆత్మ కోసం. కాలు విరిగి వెళ్ళిపోయిన కుసుమ కోసం. తోక పట్టుకుని మాకు కాపలా కాసిన మల్లేశం కోసం. ఈ సాయంత్రం ఏ ఊళ్ళోనైనా, మైదానం ముందు, హారన్ల మధ్య, ఇంటికి చేరాలని రోడ్డు అంచున నిలబడ్డ ప్రతి మనిషి కోసం. ఎక్కడున్నవారు అక్కడే ఉండి చేయండి, చేతులెత్తండి, ఎంతసేపైనా చేయండి. కళ్ళు మాత్రం మూసుకోకండి.